నడుము నొప్పి – చేతి వైద్యం: తెలిసి చేయించుకుందాం



గృహ దర్శనాలకు వెళ్ళినప్పుడు "దేని కొరకు ప్రార్థించమంటారు?" అని అడుగుతాము. పిల్లల చదువులు, అప్పులు, పెండ్లి సంబంధాలు అన్నీ చెప్పిన తరువాత, లేవబోతుండగా ఇంటి ఇల్లాలు మెల్లగా ఒక మాట చేర్చుతుంది: "నడుము గురించి కూడా అయ్యగారూ." మా చిలుకూరు చుట్టుపట్ల ఈ మాట వినని వారం లేదు.

చిలుకూరు అనగానే చాలామంది హైదరాబాదు పక్కనున్న ఊరు అనుకుంటారు. మాది అది కాదు. కోదాడకు దగ్గర, సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో వరి పండే ప్రాంతం మాది. 2016 వరకు నల్లగొండ జిల్లా, ఆ తరువాత సూర్యాపేట జిల్లా అయ్యింది. కోతకు యంత్రాలు వచ్చాయి గాని, నాటు వేయడానికి, కలుపు తీయడానికి నేటికీ ఆడవారి నడుములే వంగాలి. పొద్దున మడిలో వంగిన మనిషి మధ్యాహ్నం సద్ది తినేటప్పుడే నిలబడేది. మగవారిలో మిర్యాలగూడ రైస్ మిల్లులలో బస్తాలు మోసేవారు, ట్రాక్టరు, ఆటో నడిపేవారు ఉన్నారు. వీరందరి నొప్పికి పేరు ఒక్కటే అయినా, కారణం ఒక్కటి కాదు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క సంగతి గురించే.

దీనిని వ్రాయడానికి రెండు ప్రశ్నలు కారణం. మా సంఘంలో ఒక కుటుంబం వారి కుమార్తె అమెరికాలో ఉంటుంది. అక్కడ ఆమెకు వైద్యం చేసే డాక్టరు పేరు చివర ఎం.డి. అని కాక డి.ఓ. అని ఉందట. "ఈయన నిజం డాక్టరేనా, లేక మన ఆర్.ఎం.పి. వంటివాడా?" అని తల్లి భయపడి అడిగింది. అదే నెలలో మరొక ఇంటివారు ఒక కరపత్రం తెచ్చి చూపించారు. "ఆస్టియోపతి! మందు లేదు, ఆపరేషన్ లేదు, చేతితోనే నడుము నొప్పి మాయం" అని అందులో ఉంది. ఆ ఇంటిలో మర్రిగూడ వైపు నుండి కూతురు దగ్గరికి వచ్చిన ఒక పెద్ద తల్లి ఉన్నది. నడుము, మెడ కర్రలా బిగుసుకొనిపోయాయి. రెండు మేకలను అమ్మి ఆమెను ఆ శిబిరానికి తీసుకెళ్ళాలని వారి ఆలోచన. "వెళ్ళమంటారా?" అని అడిగారు.

మేము వైద్యులము కాము. చదివినది బైబిలు, వేదాంతము. అయినా పల్లెలో కాపరిని అడగని ప్రశ్న ఉండదు. తెలియని సంగతికి తొందరపడి అవుననడం గాని కాదనడం గాని తగదు గనుక, తెలిసిన డాక్టర్లను అడిగి, పుస్తకాలు చూచి, తెలుసుకొన్నది ఇక్కడ పెడుతున్నాము.

ఒక బోధకుని కుమారుడు

ఆస్టియోపతిని ప్రారంభించినవాడు ఆండ్రూ టేలర్ స్టిల్. 1828లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి మెథడిస్టు బోధకుడు, వైద్యుడు కూడా. ఆ రోజులలో ఊరూరా తిరిగి వాక్యము చెప్పే బోధకులలో కొందరు మందుల సంచి కూడా వెంట ఉంచుకొనేవారు. కుమారుడు తండ్రి దగ్గరనే వైద్యం నేర్చుకొన్నాడు. అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పనిచేశాడు.

1864లో మెదడు పొరల వాపు జ్వరంతో ఆయన పిల్లలు ముగ్గురు చనిపోయారు. తాను వైద్యుడై ఉండి, తోటి వైద్యులు ప్రక్కన ఉండి, ఒక్కరినీ బ్రతికించుకొనలేకపోయాడు. ఆ కాలపు మందులు ఎటువంటివో తెలిస్తే ఆయన బాధ మనకు అర్థమవుతుంది. పాదరసంతో చేసిన మందులు ఇచ్చేవారు, రక్తం తీసేవారు. మందు వలన మేలుకంటె కీడే ఎక్కువ జరిగిన రోజులవి. ఆ దుఃఖంలోనుండి ఆయన మనిషి ఎముకలను, కండరాలను, నరాలను, రక్తనాళాలను ఏండ్ల తరబడి పరిశీలించాడు. శరీరానికి తన్ను తాను బాగుచేసుకొనే శక్తి ఉన్నదని, ఎముకలు, కీళ్ళు సరిగా కదిలితే రక్తం సరిగా పారి ఆ శక్తి పనిచేస్తుందని ఆయన అభిప్రాయం. 1874 జూన్ 22న ఈ సంగతిని ప్రకటించాడు. గ్రీకు భాషలో ఎముక, బాధ అనే రెండు మాటలను కలిపి ఆస్టియోపతి అని పేరు పెట్టాడు.

మొదట ఎవరూ ఒప్పుకోలేదు. తమ కుటుంబం స్థాపనకు సాయపడిన బేకర్ విశ్వవిద్యాలయంలోనే తన పద్ధతిని వివరించడానికి ఆయనకు చోటు దొరకలేదు. మిస్సోరి రాష్ట్రంలోని కర్క్స్‌విల్ అనే చిన్న ఊరికి వెళ్ళి, 1892లో అక్కడ మొదటి కళాశాల తెరిచాడు. ఆడవారిని కూడా విద్యార్థులుగా చేర్చుకొన్నాడు. 1917లో మరణించాడు. ఆయన శిష్యుడైన జాన్ మార్టిన్ లిటిల్‌జాన్ అదే 1917లో లండనులో బ్రిటిష్ స్కూలును స్థాపించాడు.

ఇక్కడినుండి దారి రెండుగా చీలింది. అమెరికాలో ఆస్టియోపతి కళాశాలలు కాలక్రమేణ మందులు, శస్త్రచికిత్స, ప్రసవాలు అన్నిటినీ బోధించసాగాయి. ఈనాడు అక్కడ డి.ఓ. చదివినవారు ఎం.డి. వారితో సమానంగా 50 రాష్ట్రాలలోను మందులు వ్రాయవచ్చు, ఆపరేషన్లు చేయవచ్చు. వారిలో చాలామంది చేతివైద్యం అరుదుగానే చేస్తారు. కాబట్టి ఆ మొదటి తల్లికి మేము చెప్పిన జవాబు: "అమ్మా, నిశ్చింతగా ఉండండి. ఆయన పూర్తి డాక్టరే."

బ్రిటను మొదలైన దేశాలలో సంగతి వేరు. అక్కడ ఆస్టియోపతి చేసేవారు ఎం.బి.బి.ఎస్. వంటి చదువు చదివిన డాక్టర్లు కారు, చేతివైద్యం నేర్చినవారు. అయితే బ్రిటనులో 1993లో వారి కొరకు ప్రత్యేక చట్టం చేశారు. పట్టికలో పేరు లేనివారు ఆ పేరు పెట్టుకొనడం అక్కడ నేరము. ఒకే మాట ఒక దేశంలో డాక్టరుకు, మరొక దేశంలో చేతివైద్యునికి చెందుతున్నది. మన దగ్గర కరపత్రం మీద ఆ మాట కనబడినప్పుడు, అచ్చువేయించినవారు ఏమి చదివారో అడగకుండా నమ్మరాదు.

ఏమి చేస్తారు?

శిక్షణ పొందిన ఆస్టియోపతి నిపుణుడు మొదట అడుగుతాడు, తరువాత చూస్తాడు, ఆ తరువాతనే ముట్టుకుంటాడు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ పని చేస్తారు, ఎలా పడుకుంటారు, ఇంతకుముందు ఏ జబ్బులు ఉన్నాయి అని అడుగుతాడు. నిలబడమని, వంగమని, తిరగమని చెప్పి ఏ కీలు కదలడం లేదో, ఏ కండరం బిగిసి ఉందో కనిపెడతాడు. తరువాత బిగిసిన కండరాలను చేతితో సాగదీయడం, కీలును మెల్లగా కదిలించడం, రోగి ఒక వైపు నెడుతుండగా తాను ఎదురు పట్టి వదిలించడం చేస్తాడు. కొన్నిసార్లు కీలును ఒక్కసారిగా చిన్నగా తోస్తాడు. "టక్" మని శబ్దం వస్తుంది.

ఈ శబ్దం గురించి మన ప్రజలలో పెద్ద అపోహ ఉన్నది. "జారిన ఎముక ఎక్కింది" అని అనుకుంటారు. అది నిజం కాదు. కీలులో నూనె వంటి ద్రవం ఉంటుంది. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గినప్పుడు అందులో వాయువు బుడగ ఏర్పడి ఆ శబ్దం వస్తుంది. వ్రేళ్ళు విరుచుకున్నప్పుడు వచ్చేదీ అదే. శబ్దం వచ్చినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు, రాకపోతే వైద్యం తప్పినట్టూ కాదు. వెన్నుపూస నిజంగా జారితే దానిని చేతితో నెట్టి ఎక్కించేది ఏమీ లేదు.

1895లో అమెరికాలోనే డి.డి. పామర్ అనే ఆయన మొదలుపెట్టిన కైరోప్రాక్టిక్ అనే మరొక చేతివైద్యం కూడా ఉన్నది. వెన్నుపూసలను విరిచినట్టు చేసే వీడియోలను మన పిల్లలు ఫోనులో చూపిస్తుంటారే, వాటిలో ఎక్కువ ఈ పద్ధతివే. మన ఫిజియోథెరపీ వారు కూడా చేతివైద్యం కొంత చేస్తారు, దానితోపాటు వ్యాయామాలు నేర్పుతారు.

దేనికి పనికివస్తుంది?

చేతివైద్యానికి కొంత ఆధారం ఉన్నది ముఖ్యంగా నడుము నొప్పికి. మెడ నొప్పికి, మెడ బిగువు వలన వచ్చే కొన్ని తలనొప్పులకు కూడా కొందరికి ఉపశమనం కలుగుతుంది. అయితే ఆ మేలు సాధారణంగా కొద్దిపాటిదే. 2016లో బ్రిటను ప్రభుత్వ వైద్య సలహా సంస్థ వెలువరించిన సూచనలలో, నడుము నొప్పికి చేతివైద్యం చేయవచ్చును గాని వ్యాయామంతో కలిపి మాత్రమే చేయాలని ఉన్నది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాల నడుము నొప్పి గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం, నొప్పి గురించిన అవగాహన, చేతివైద్యం, మర్దనం వంటివాటిని పరిశీలించదగినవిగా చెప్పింది. నడుము బెల్టులను, బరువులు కట్టి లాగే చికిత్సను మామూలుగా వాడవద్దన్నది. 2020లో ప్రపంచమంతటా 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉన్నదని ఆ సంస్థ లెక్క. మనమొక్కరమే కాదన్నమాట.

షుగరు, బి.పి., ఆస్తమా, మూర్ఛ, సంతానలేమి వంటివాటిని వెన్ను నొక్కి నయం చేస్తామని ఎవరైనా చెబితే నమ్మవద్దు. పసిపిల్లల ఏడుపు మాన్పుతామని పుర్రె మీద చేతులు ఉంచి చేసే పద్ధతికి కూడా గట్టి ఆధారము లేదు. స్టిల్ గారి కాలంలో మంచి మందులు లేవు గనుక ఆయన అన్నిటికీ చేతినే నమ్ముకొన్నాడు. ఆయన పిల్లలను తీసుకొనిపోయిన ఆ జ్వరానికి ఈనాడు యాంటీబయాటిక్ మందులు, టీకాలు ఉన్నాయి. మందులున్న కాలంలో మందు మానిపించడం ఆయనను అనుసరించడం కాదు.

మన ఇంటి చేతివైద్యాలు

చేతివైద్యం మనకు కొత్తదేమీ కాదు. నడుము పట్టినప్పుడు ఎదురుకాళ్ళతో పుట్టినవారి చేత తొక్కించుకొనడం మన పల్లెలలో ఎరుగనివారు లేరు. బాలింతకు, బిడ్డకు నూనె మర్దనం చేసే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు సంగతి మొత్తం తెలుగువారికి తెలుసు. తిరుపతి నుండి చెన్నై వెళ్ళే దారిలో ఉన్న పుత్తూరు దగ్గర కేశవరాజు గారి వంశంవారు తరతరాలుగా ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో కట్లు కడుతున్నారు. తమిళనాడు, కర్ణాటకల నుండి కూడా జనం వెళ్తారు.

వీటిని ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు. ఆప్యాయతతో చేసే మర్దనం బిగిసిన కండరానికి మంచిదే. విరిగిన ఎముకను కదలకుండా పెట్టడం కూడా సరియైన సూత్రమే. అయితే ఎముక బయటికి పొడుచుకొని వచ్చినా, కట్టు కట్టిన తరువాత వ్రేళ్ళు చల్లబడి నీలిరంగు తిరిగినా, తిమ్మిరెక్కినా, ఒక గంట కూడా ఆలస్యం చేయకూడదు. బిగుతు కట్టు రక్తాన్ని ఆపివేస్తే చేయి, కాలు తీసివేయవలసి వస్తుంది. తొక్కించుకోవడం సంగతి మరీ జాగ్రత్త. నలభై యేండ్లు దాటిన స్త్రీ వెన్ను మీద ఒక మనిషి కాలు మోపడం తగదు. నెలసరి ఆగిన తరువాత ఎముకలు లోలోపల గుల్లబారుతాయి. అది పైకి కనబడదు.

క్షవరం చేయించుకొన్న తరువాత తలను పట్టుకొని ఒక్క విరుపు విరిపించుకొనే అలవాటు మన యువకులకు ఉన్నది. దానిని మానివేయండి. మెదడుకు రక్తం తీసుకొనిపోయే నాళాలలో రెండు మెడ ఎముకల మధ్యనుండే పోతాయి. అవి చిరిగితే పక్షవాతం రావచ్చు. 2022లో హైదరాబాదులో ఒక స్త్రీకి బ్యూటీ పార్లరులో తల కడిగించుకొనేటప్పుడు మెడ వెనక్కు వంగి, ఆ నాళము నొక్కుకొని పక్షవాతం వచ్చిన సంగతి పత్రికలలో వచ్చింది. అరుదే గాని, పది రూపాయల సుఖం కొరకు అంత వెల ఎందుకు?

నల్లగొండ నీళ్ళు, నల్లగొండ ఎముకలు

ఇప్పుడు ఆ పెద్ద తల్లి సంగతికి వద్దాం. ఆమె పుట్టి పెరిగిన మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని నియమం. ఆ బోరునీళ్ళలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి వ్రాసినది కూడా తెలుగునాట పల్లెలను చూచే. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన తోటివారు అప్పటి నెల్లూరు జిల్లాలోని ప్రజలను పరీక్షించి దానిని ప్రకటించారు.

ఫ్లోరైడు ఏండ్ల తరబడి ఎముకలలో చేరితే ఎముక లావెక్కుతుంది గాని గట్టిపడదు, పెళుసవుతుంది. ఎముకలను కలిపే నారలు కూడా సున్నము పట్టినట్టు రాయి అవుతాయి. చివరకు వెన్నుపూసలన్నీ అతుక్కొని ఒకే కర్రలాగా అవుతాయి. లోపలి నరాలు నొక్కుకొని కాళ్ళు పట్టు తప్పవచ్చు. ఇటువంటి వెన్నును ఎవరైనా ఒక్కసారిగా విరిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇంట్లోనే చూచుకొనదగిన మూడు పరీక్షలు డాక్టర్లు చెబుతారు. మోకాళ్ళు వంచకుండా వంగి నేలమీది రూపాయి బిళ్ళను తీయగలరా? గడ్డాన్ని రొమ్ముకు ఆనించగలరా? రెండు చేతులు చాచి, మడిచి తల వెనుక పెట్టుకొనగలరా? ఇవి చేయలేకపోతే అది ఫ్లోరోసిస్సే అని కాదు, వేరే కారణాలు కూడా ఉండవచ్చు. కాని ఫ్లోరైడు ఊరిలో పుట్టి పెరిగి, ఈ మూడింటికీ తడబడే మనిషిని ఎవరి చేతికీ అప్పగించక ముందు ఎక్స్‌రే తీయించాలి.

ఈ జబ్బును వెనక్కు తిప్పే మందు లేదు. మంచి నీళ్ళే మందు. నీళ్ళను కాచితే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నముతో ఫ్లోరైడును అడుగుకు దించే పద్ధతిని 1970లలో నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థ తయారుచేసినప్పుడు, దానికి మన జిల్లా పేరే పెట్టి నల్లగొండ పద్ధతి అన్నారు. 2016లో మిషన్ భగీరథ మొదలై కృష్ణా నీళ్ళు గొట్టాలలో ఇళ్ళకు వచ్చాయి. చిన్న పిల్లల ఎముకలకు అది గొప్ప మేలు. కాని కుళాయి నీళ్ళు రుచిగా లేవని తిరిగి బోరునీళ్ళు త్రాగేవారు మన మధ్య లేకపోలేదు. దయచేసి ఆ పని చేయవద్దు. పాలు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ తినడం మంచిది.

ఆ కుటుంబం ఏమి చేసింది?

మేకలను అమ్మడం ఒక వారం ఆపమని మాత్రమే ఆ ఇంటివారికి చెప్పాము. అల్లునికి కోపం వచ్చింది. "ముసలిది బాధపడుతుంటే చూస్తూ ఉండమంటారా? మీకేం, ప్రార్థన చేసి పోతారు" అన్నాడు. రాత్రిళ్ళు ఆమె మూలుగు విని నిద్రలేనివాడు అతను గనుక ఆ మాట మేము తప్పు పట్టలేదు. మరునాడు అతనితో కలిసి ఆమెను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొనిపోయాము. సూర్యాపేటలో 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది గనుక ఎముకల డాక్టర్ల కొరకు ప్రతిసారీ హైదరాబాదు పోవలసిన పని లేదు.

ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టి డాక్టరు గారు అల్లునికి చూపించారు. విడివిడిగా ఉండవలసిన పూసలు తెల్లని ఒక్క కడ్డీలా ఉన్నాయి. "దీనిని ఎవరైనా విరవబోతే విరిగేది నొప్పి కాదు, వెన్ను. కాళ్ళు పడిపోతాయి" అని చెప్పారు. అల్లుడు ఏమీ మాట్లాడలేదు. వచ్చేటప్పుడు బస్సులో ఆమెను కిటికీ ప్రక్కన కూర్చోబెట్టి, కుదుపులకు తన చేయి ఆమె వీపు వెనుక అడ్డం పెట్టాడు.

ఆమెకు నయమైందని వ్రాయలేము. నొప్పికి మాత్రలు, ఫిజియోథెరపీ వారు నేర్పిన మెల్లని కదలికలు, వేడి కాపడం – ఇవే వైద్యం. అల్లుడు మంచాన్ని ఎత్తు చేయించాడు, పాయఖానాలో పట్టుకొని లేవడానికి ఇనుప గొట్టం బిగించాడు. మేకలలో ఒకటి అమ్మితే ఆ ఖర్చు గడిచింది. ఇప్పుడు ఆమె తనంతట తాను లేచి వాకిట్లోకి వస్తుంది. శిబిరానికి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో మేము తలచుకోవడానికి ఇష్టపడము.

ముందు డాక్టరు దగ్గరికే వెళ్ళవలసిన గుర్తులు

ఈ పేజీని కత్తిరించి గోడకు అంటించుకొన్నా మంచిదే. నడుము నొప్పితో పాటు క్రింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఏ చేతివైద్యమూ చేయించవద్దు.

మూత్రం, మలం ఆగకపోవడం లేదా రాకపోవడం, తొడల మధ్య మొద్దుబారడం. ఇది అదే రోజు ఆసుపత్రికి వెళ్ళవలసిన సంగతి.

కాళ్ళు బలహీనపడటం, నడకలో చెప్పు జారిపోతున్నా తెలియకపోవడం.

సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం. ఇది వెన్ను క్షయ కావచ్చు. 1779లో పాట్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీనిని వర్ణించాడు గనుక ఆయన పేరుతోనే పిలుస్తారు. దగ్గు లేకపోయినా వెన్నుకు క్షయ రావచ్చునని చాలామంది ఎరుగరు. ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితం. నెలల తరబడి మానకుండా వాడాలి.

చెట్టు మీదనుండో, బండి మీదనుండో పడిన తరువాత వచ్చిన నొప్పి.

ఇంతకుముందు క్యాన్సరు వచ్చి ఉండటం, ఏండ్ల తరబడి స్టెరాయిడ్ మందులు వాడి ఉండటం.

పడుకున్నా, లేచినా తగ్గక, రాత్రిళ్ళు ఎక్కువయ్యే నొప్పి.

చేతివైద్యం చేయించుకొనదలచినవారు అడగవలసిన ప్రశ్నలు మూడు: మీరు ఏమి చదివారు, ఎన్నేండ్లు? నా ఎక్స్‌రే, నా జబ్బులు చూచారా? ఎన్నిసార్లు రావాలి, తగ్గకపోతే ఎవరి దగ్గరికి పంపుతారు? 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆస్టియోపతి శిక్షణకు ప్రమాణాలు ఇచ్చింది. కొత్తగా నేర్చుకొనేవారికి 4,200 గంటల చదువు, అందులో కనీసం 1,000 గంటలు పెద్దల పర్యవేక్షణలో రోగులను చూడటం ఉండాలన్నది. రెండు వారాల సర్టిఫికెట్టు గోడకు తగిలించినవారికి దీనికి ఎంత దూరమో ఆలోచించండి. మన దగ్గర ఫిజియోథెరపీ డిగ్రీ కూడా నాలుగేండ్లకు పైబడిన చదువు. 2021లో వచ్చిన కేంద్ర చట్టంలో ఫిజియోథెరపీ వృత్తికి స్థానం ఉన్నది. మన పల్లెవారికి అందుబాటులో ఉన్న మంచి దారి అదే.

ఇంట్లో మనం చేయగలిగినది

పైన చెప్పిన గుర్తులు లేని మామూలు నడుము నొప్పి చాలామందికి కొన్ని వారాలలో తగ్గుతుంది. స్కానింగులో "డిస్క్ అరిగింది" అని వ్రాసి ఉంటే కుటుంబమంతా కుంగిపోతుంది. నొప్పి ఏమీ లేనివారికి తీసిన స్కానింగులను 2015లో పరిశీలకులు లెక్కవేస్తే, ఇరవై యేండ్లవారిలో 37 శాతం మందికి, ఎనభై యేండ్లవారిలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనబడింది. తలవెంట్రుకలు నెరిసినట్టే అది కూడా. కాలికి పాకే నొప్పి కలిగించే డిస్కు వాపు కూడా చాలామందిలో కొన్ని నెలలలో తనంతట తానే తగ్గుతుంది.

కాబట్టి ఒకటి రెండు రోజులకు మించి మంచం పట్టవద్దు. ఓర్చుకొనగలిగినంత నడవండి. నాటు వేసేటప్పుడు పాటలు మారినట్టే పనీ మారాలి. అరగంటకు ఒకసారి నిలబడి, నడుము మీద చేతులు పెట్టి వెనక్కు వంగండి. బస్తా గాని బిందె గాని ఎత్తేటప్పుడు మోకాళ్ళు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకొని లేవండి. ఎత్తుతూ తిరగవద్దు. పని పోకూడదని ప్రతి సోమవారం నొప్పి సూది వేయించుకొని మడిలోకి దిగేవారున్నారు. ఆ అలవాటు మూత్రపిండాలకు, కడుపుకు హాని చేస్తుంది.

వెన్ను దెబ్బతిన్నంత మాత్రాన మనిషి పనికిరాకుండా పోడు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలు 1954లో కారు ప్రమాదంలో వెన్ను విరిగి, రెండు కాళ్ళ పట్టూ పోగొట్టుకొన్నది. చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. తరువాత శిక్షణ పొంది వచ్చి, 1966లో వేలూరులో ప్రారంభమైన పునరావాస కేంద్రానికి ఆధారమైనది. తన వెన్ను బాగుకాకపోయినా, వెన్ను విరిగిన వందలమందిని ఆమె తిరిగి కూర్చోబెట్టింది.

లూకా సువార్తలో పద్దెనిమిదేండ్లు నడుము వంగిపోయిన ఒక స్త్రీ ఉన్నది. ఆమె సమాజమందిరానికి వస్తూనే ఉండేదని, అక్కడివారు ఆమెను చూడటానికి అలవాటుపడిపోయారని మనం గమనించాలి. వంగిన నడుమును చూచి చూచి, అది ఆమె స్వభావమే అనుకొనడం సులభం. మన ఇండ్లలో కూడా అదే జరుగుతుంది. "అమ్మకు నడుము నొప్పి ఎప్పుడూ ఉండేదేగా" అంటాము. జ్వరం ఉన్నదా, బరువు తగ్గిందా, కాలు మొద్దుబారిందా అని ఎవరమూ అడగము.

మా సంఘంలో రెండు చిన్న ఏర్పాట్లు చేశాము. చాప మీద కూర్చొనలేనివారికి గోడ ప్రక్కన కుర్చీలు వేశాము. ముందు సిగ్గుపడినవారు ఇప్పుడు ముందుగానే వచ్చి వాటిలో కూర్చుంటున్నారు. స్త్రీల కూడికలో నెలకొకసారి ఈ గుర్తులను చదివి వినిపిస్తున్నాము. మూడవది మా చేతిలో లేదు, మీ చేతిలో ఉన్నది. ఈ సాయంకాలం మడినుండి వచ్చిన మనిషి నీళ్ళ బిందె ఎత్తబోయే ముందు, ఇంట్లో ఉన్న మగపిల్లవాడు లేచి దానిని అందుకొంటే, అది కూడా చేతివైద్యమే.